7.2 సెయిల్ ఒక్కటే ఉంది, రెండోది ఏ సైజు కొనాలి?

ప్రశ్న: నా బరువు 68 కిలోలు. ఉండేది విశాఖపట్నంలో, లాసన్స్ బే కాలనీ వైపు. విండ్‌సర్ఫింగ్ మొదలుపెట్టి రెండు వేసవులయింది. 145 లీటర్ల బోర్డు, 7.2 చదరపు మీటర్ల సెయిల్ (తెరచాప), 460 సెంటీమీటర్ల మాస్ట్ (సెయిల్‌ను నిలబెట్టే స్తంభం) సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అప్‌హాల్ తాడు లాగి సెయిల్ లేపడం వచ్చు. హార్నెస్ (కొక్కెంతో సెయిల్ లాగుడును ఒంటి మీదికి తీసుకునే నడుం పట్టీ) ఈ మధ్యే వేసుకుంటున్నాను. వాటర్‌స్టార్ట్ (నీళ్లలోంచి సెయిల్ గాలితోనే బోర్డు మీదికి లేవడం) ఇంకా రాలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి దిగితే హాయిగా ఉంటుంది. రెండున్నర దాటిందంటే వెనక చెయ్యి లాగేస్తుంది, బోర్డు ముక్కు గాలి వైపు తిరిగిపోతుంది, ఇక పడటం, లేవడమే పని. ఫోన్‌లో చూస్తే గాలి 22 అని ఉంటుంది. అదేమంత పెద్ద గాలి కాదు కదా! ఒలింపిక్స్‌లో ఒకే సెయిల్‌తో అన్ని గాలుల్లోనూ పోటీ పడతారట. మరి నాకు రెండోది నిజంగా కావాలా? కావాలంటే ఏ సైజు? ఉన్న మాస్ట్ దానికి సరిపోతుందా? నీళ్ల మీద ఉండగా గాలి పెరిగితే ఏం చెయ్యాలి?

సమాధానం: రెండోది కావాలి. 5.8 తీసుకోండి, దానికి 430 మాస్ట్ వేరే తీసుకోండి. అయితే డబ్బు తీసే ముందు ఒక వారం పాటు 7.2ను కట్టే పద్ధతి మార్చి చూడండి. మీరు చెప్పిన రెండు లక్షణాలూ, అంటే వెనక చెయ్యి బరువెక్కడం, ముక్కు గాలిలోకి తిరగడం, సెయిల్ పెద్దదైతే వస్తాయి. డౌన్‌హాల్, అంటే సెయిల్‌ను మాస్ట్ వెంట కిందికి లాగే తాడు బిగువు, తక్కువైనా అచ్చం ఇలాగే వస్తాయి. ఏది ఎంతవరకు కారణమో తేల్చుకోకుండా చిన్న సెయిల్ కొంటే, దాన్నీ అలాగే వదులుగా కడతారు. పద్దెనిమిది నాట్ల గాలికి అదీ ఇలాగే ఏడిపిస్తుంది.

ముందు ఆ 22 సంగతి. ఫోన్ యాప్‌లో అది కిలోమీటర్లా, నాట్లా అన్నది సెట్టింగ్‌లో చూసుకోండి. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 22 కిలోమీటర్లంటే 12 నాట్లు, మీ 7.2కు అచ్చంగా సరిపోయే గాలి. 22 నాట్లంటే 41 కిలోమీటర్లు. ఆ గాలిలో మీ బరువు మనిషి 4.2 దగ్గర ఉండాలి, 7.2 విప్పకూడదు. మీరు పన్నెండింటికి హాయిగా ఉందంటున్నారు కాబట్టి మీ యాప్ చెప్పేది కిలోమీటర్లే అయివుంటుంది.

కిలోమీటర్లే అయినా ఆ అంకెను ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. ప్రపంచ స్థాయి అంచనా నమూనాలు పది పన్నెండు కిలోమీటర్ల గడులుగా లెక్కకడతాయి. వాటి గడిలో సగం సముద్రం, సగం సింహాచలం కొండ పడితే రెండింటి సగటు వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఒడ్డు వెంట బలపడే పైరగాలి ఆ సగటులో పలచబడిపోతుంది. అందువల్ల యాప్‌లో 12 నాట్లున్న రోజున బీచ్‌లో రెండున్నరకు 16, 17 ఉండటం మామూలే. వాతావరణ శాఖకు ఊళ్లో వాల్తేరులో ఒకటి, విమానాశ్రయంలో ఒకటి పరిశీలన కేంద్రాలున్నాయి. మీకు పనికొచ్చేది వాల్తేరుదే. విమానాశ్రయం కొండల వెనక, లోపలికి ఉంది. అక్కడి గాలికీ ఒడ్డు గాలికీ పొంతన ఉండదు.

వీటన్నిటికన్నా నీళ్లను చూడటం నయం. తెల్లని నురగ తలలు అక్కడక్కడా మొదలైతే 8 నుంచి 10 నాట్లు. ఎటు చూసినా కనిపిస్తూ, ఒడ్డున ఇసుక దుమ్ము, కాగితాలు లేస్తుంటే 11 నుంచి 16. సముద్రమంతా తెల్ల తలలే అయి, అక్కడక్కడ తుంపర ఎగురుతుంటే 17 నుంచి 21. చేతిలో పట్టుకునే గాలి మీటరు ఉంటే నీటి అంచున, తలకన్నా ఎత్తులో, రెండు నిమిషాలు పట్టుకుని తక్కువెంత, ఎక్కువెంత అన్నవి రెండూ రాసుకోండి. కేంద్రాలు పది మీటర్ల ఎత్తులో కొలుస్తాయి కాబట్టి మీ చేతి ఎత్తులో అంకె సుమారు 15 శాతం తక్కువ చూపిస్తుంది. మీటరు తప్పు చెబుతోందని దాన్ని పారేయకండి.

ఇప్పుడు కట్టడం. మీ సెయిల్ సంచి మీద, లేదా అడుగు మూలన లఫ్ (మాస్ట్ వైపు అంచు పొడవు) అని ఒక అంకె ఉంటుంది. 7.2కు సాధారణంగా 465, 470 సెంటీమీటర్ల దగ్గర. ఉదాహరణకు 468 అనుకుందాం. మాస్ట్ 460, కాబట్టి ఎక్స్‌టెన్షన్ (మాస్ట్ అడుగున దూర్చి పొడవు పెంచే గొట్టం) 8 దగ్గర పెట్టాలి. డౌన్‌హాల్ తాడు కప్పీల్లో ఒకదాని మీదొకటి అడ్డం పడకుండా దూర్చండి. అడ్డం పడితే రాపిడికే సగం బలం పోతుంది. తరువాత ఇసుక మీద కూర్చుని, పాదం ఎక్స్‌టెన్షన్ అడుగుకు తన్ని పెట్టి, తాడును చేతికి కాక హార్నెస్ కొక్కేనికో, ఓ కర్రకో చుట్టి, నడుముతో వెనక్కి వాలుతూ లాగండి. చేతులతో లాగి "ఇంక రావడం లేదు" అనుకున్న చోటు నుంచి చాలా మందికి ఇంకా మూడు నాలుగు సెంటీమీటర్లు మిగిలే ఉంటుంది.

ఎంత లాగాలో సెయిలే చెబుతుంది. నేల మీద పరిచి చూస్తే పైనున్న రెండు మూడు గళ్లలో వెనక అంచు వదులై అలలుగా కనిపించాలి. గాలి తక్కువ రోజున ఆ వదులు అంచు నుంచి కొద్దిగా లోపలికి వస్తే చాలు. గాలి ఎక్కువ రోజున అంచుకూ మాస్ట్‌కూ సగం దూరం వరకు రావాలి. కొన్ని సెయిళ్ల మీద ఇక్కడిదాకా అని చుక్కలు వేసి ఉంటాయి. రెండో గుర్తు బూమ్ (చేతులతో పట్టుకునే అడ్డ కమ్మీ) పైనున్న బ్యాటెన్ (సెయిల్‌కు ఆకారమిచ్చే అడ్డ పుల్ల) కొస: అది మాస్ట్ వెడల్పులో సగం దాటి ముందుకు పొడుచుకొస్తుంటే డౌన్‌హాల్ చాలలేదన్నమాట. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ వదులు అంచు చూడగానే పాడైందేమోనన్న అనుమానం వచ్చి, నున్నగా బిగిసి కనబడేదాకా డౌన్‌హాల్ తగ్గించేస్తారు. అందంగా కనిపించేది అదే, ఏడిపించేదీ అదే.

ఎందుకంటే, గాలి విసురు వచ్చినప్పుడు సెయిల్ పైభాగం మెలి తిరిగి కొంత గాలిని వదిలెయ్యాలి. పై అంచు బిగిసి ఉంటే వదలదు. పైగా సెయిల్ పొట్ట, అంటే ఎక్కువ లోతుగా ఉండే చోటు, ముందు మూడో వంతు దగ్గర నిలబడకుండా వెనక్కి జరుగుతుంది. లాగుడు వెనక చేతి మీదికి వస్తుంది. లాగే చోటు వెనక్కి జరిగింది కాబట్టి బోర్డు ఫిన్ (అడుగున వెనక ఉండే రెక్క) చుట్టూ తిరిగి ముక్కు గాలిలోకి పోతుంది. మీరు రాసింది అక్షరాలా ఇదే.

అవుట్‌హాల్ (సెయిల్ వెనక మూలను బూమ్ చివరికి లాగే తాడు) విషయం తేలిక. సెయిల్ ముడతలు పోయేంత వరకే లాగిన స్థితిని సున్నా అనుకుని, గాలి తక్కువైతే ఒక సెంటీమీటరు, ఎక్కువైతే మూడు నాలుగు. డౌన్‌హాల్ తక్కువ పెట్టి, ఆ లోటు అవుట్‌హాల్‌తో తీర్చాలని చూడొద్దు. సెయిల్ చెక్కలా అయిపోయి, విసురు వస్తే ఒక్కసారి కొడుతుంది, పోతే ఒక్కసారి చచ్చిపడుతుంది. హార్నెస్ తాళ్లను కూడా గాలి పెరిగిన రోజున రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి జరిపి చూడండి. చేతులు రెండూ వదిలి కొక్కెం మీదే వేలాడితే సెయిల్ ఎటూ తిరగకుండా నిలవాలి.

ఇలా కడితే మీ 7.2 ఇప్పటికన్నా రెండు మూడు నాట్లు ఎక్కువ ఓర్చుకుంటుంది. 15 నాట్ల దాకా, మహా అయితే 16. అక్కడితో ఆగుతుంది. అక్కడి నుంచే రెండో సెయిల్ అవసరం మొదలు.

లాగుడు గాలి వేగంతో సమానంగా పెరగదు, వర్గంతో పెరుగుతుంది. 12 నాట్లు 18 అయితే వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, లాగుడు మాత్రం రెండుంపావు రెట్లయింది. సగటు 15 ఉండి విసురు 22కు వెళితే ఆ క్షణాన మీ చేతుల మీద రెట్టింపుకు పైగా బరువు పడుతుంది. ఆ లెక్కన 18 నాట్లకు 3.2 చాలాలి. నీటి మీద అలా ఉండదు. బోర్డు నీటిని చీల్చుకుంటూ పోవడం మాని పైకి లేచి జారడం మొదలెట్టాక, అంటే ప్లేనింగ్‌లోకి వచ్చాక, అదనపు లాగుడు వేగంగా మారుతుంది. హార్నెస్‌లో వెనక్కి వాలిన శరీరం కొంత మోస్తుంది. అందుకే వాడుకలో ఉన్న సూత్రంలో వర్గం లేదు: కిలోల్లో బరువును 1.34తో గుణించి, నాట్లతో భాగిస్తే ఆ గాలికి నప్పే సెయిల్ సైజు వస్తుంది.

మీకు 68ని 1.34తో గుణిస్తే 91. పన్నెండు నాట్లకు 7.6, పదిహేనుకు 6.1, పద్దెనిమిదికి 5.1, ఇరవై రెండుకు 4.1. తిరగేసి చూస్తే 7.2 నడి గాలి 12.7 నాట్లు, 5.8ది 15.7, 4.7ది 19.4. ఒక్కో సెయిల్ తన నడి గాలికి అటూ ఇటూ రమారమి 20 శాతం పని చేస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు ఇంకొంచెం సాగదీస్తారు, మీరు పై వైపు 15 శాతమే అనుకోండి. చలి దేశాల పట్టికలు చూసేటప్పుడు ఇంకో చిన్న సంగతి: మన 32 డిగ్రీల ఉక్కగాలి అక్కడి 10 డిగ్రీల గాలికన్నా ఏడెనిమిది శాతం పలచన. అదే నాట్లకు ఇక్కడ లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. సైజు మార్చేంత తేడా కాదు గానీ, వాళ్లు చెప్పిన దానికన్నా మీకు కాస్త తేలిగ్గా అనిపిస్తే కారణం అదే.

6.2 ఎందుకు కాదు, 5.2 ఎందుకు కాదు అంటారేమో. 6.2 మీ 7.2కు మరీ దగ్గర. డౌన్‌హాల్ సరిగా లాగిన 7.2 చేసే పనిలో చాలా భాగం అదీ చేస్తుంది, డబ్బు దండగ. 5.2 కొంటే పదిహేను నాట్ల దగ్గర ఖాళీ పడుతుంది. ఒకటి చాలదు, ఇంకొకటి ఎక్కువ. పైగా 145 లీటర్ల వెడల్పాటి బోర్డు ఇరవై నాట్లు దాటిన నీటి మీద ముక్కెత్తి ఎగిరిపడుతుంది. అక్కడ ఇబ్బంది సెయిల్‌తో కాదు, బోర్డుతో. ఒక సెయిల్ నుంచి కింది సైజుకు 20 నుంచి 25 శాతం తగ్గేలా చూసుకుంటే మధ్యలో ఖాళీ పడదు. 7.2 తరువాత 5.8, దాని తరువాత 4.7, అలా దిగుతాయి. అయితే 4.7 ఇప్పుడే వద్దు. వాటర్‌స్టార్ట్ వచ్చాక, 105 నుంచి 115 లీటర్ల బోర్డు కొన్నాక, దాంతో పాటే కొనండి. ఆ వాటర్‌స్టార్ట్ నేర్చుకోవడానికి కూడా 5.8 సరైనది. సెయిల్ మిమ్మల్ని నీళ్లలోంచి లేపాలంటే 14 నాట్లయినా ఉండాలి. ఆ గాలిలో 7.2ను నీళ్లలో తిప్పి గాలికి ఎదురు పెట్టడం మొదటిసారి నేర్చుకునేవారికి నరకం.

ఒలింపిక్స్ మాట నిజమే. 2024 పారిస్‌లో ఆడిన ఐక్యూఫాయిల్ తరగతిలో మగవాళ్లకు 9, ఆడవాళ్లకు 8 చదరపు మీటర్ల సెయిల్ ఒక్కటే. కానీ వాళ్ల బోర్డు అడుగున ఫాయిల్, అంటే బోర్డును నీటి పైకి లేపే రెక్క, ఉంది. నీటి రాపిడి దాదాపు లేనట్టే కాబట్టి తక్కువ గాలికే లేస్తారు, ఎక్కువ గాలిలో లాగుడును వేగంగా మార్చేసుకుంటారు. నడుస్తుండగానే అవుట్‌హాల్ బిగించే తాళ్లుంటాయి. బరువు, బలం, ఏళ్ల సాధన సరేసరి. ఫిన్ బోర్డు మీద ఉన్న మీకు ఆ లెక్క వర్తించదు.

సైజు తేలింది. అసలు చిక్కు ఏ రోజు ఏది కట్టాలన్నది, ఇందులో మన తీరం సంగతి తెలియాలి. విశాఖ ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. సముద్రానికి ఎదురుగా నిలబడితే కుడిచెయ్యి వైపు నైరుతి. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నపు గాలి దక్షిణం, నైరుతి నుంచి వస్తుంది. అంటే ఒడ్డు వెంటో, కొంచెం ఒడ్డు మీదికో. వెళ్లిన దారినే వెనక్కి రావచ్చు, పడినా గాలి సముద్రంలోకి తొయ్యదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల్లో దిక్కు ఇంచుమించు అదే, కానీ కెరటం పెద్దది, ఒడ్డున విరుచుకుపడే అల ఆర్కే బీచ్ లాంటి చోట మాస్ట్ విరిచేస్తుంది. అక్టోబరు నుంచి గాలి ఈశాన్యానికి, ఎడమ వైపుకు మారుతుంది, తుపానులు లేని రోజుల్లో చాలా వరకు మెత్తన. చలికాలమంతా మీకు 7.2తోనే పని. దాన్ని అమ్మేసి 5.8 కొందామన్న ఆలోచన ఉంటే మానుకోండి.

వేసవిలో పదకొండు, పన్నెండింటికి పైరగాలి మొదలై, రెండు నుంచి నాలుగు మధ్య పతాకానికి చేరి, సాయంత్రానికి తగ్గుతుంది. కాబట్టి పన్నెండింటికి బీచ్‌లో నిలబడి ఉన్న గాలికి సెయిల్ ఎంచుకోవడమే మీ తప్పు. ఎక్కే గాలిలో దిగుతున్నప్పుడు మరో గంటన్నరకు ఎంత ఉంటుందో దానికి కట్టండి. పన్నెండింటికే 11 నాట్లుండి తెల్ల తలలు లెక్కపెట్టలేనన్ని అవుతున్నాయంటే 5.8 కట్టి, మొదటి అరగంట నెమ్మదిగా పోతూ మలుపులు సాధన చెయ్యండి. రెండింటికి గాలి మీ దగ్గరికే వస్తుంది. నాలుగు దాటాక, దిగే గాలిలో అయితే అప్పటికి ఉన్న గాలి చూసి కట్టవచ్చు.

"సందేహమొస్తే చిన్నది కట్టు" అనే మాట మీకు సరిపోతుంది, ఎందుకో తెలుసుకోండి. 145 లీటర్ల బోర్డు మీ 68 కిలోలు, తన బరువు, సెయిల్, మాస్ట్, బూమ్ అన్నీ మోశాక కూడా యాభై కిలోలకు పైగా తేలే శక్తి మిగుల్చుకుంటుంది. గాలి పడిపోయినా దాని మీద నిలబడి, సెయిల్ లేపి, మెల్లగా ఒడ్డుకు రాగలరు. రేపు 85 లీటర్ల బోర్డు కొన్నారనుకోండి, అదే సలహా తిరగబడుతుంది. గాలి తగ్గితే ఆ బోర్డు మునుగుతుంది, అప్‌హాల్ కుదరదు, చిన్న సెయిల్ వాటర్‌స్టార్ట్‌కు లేపదు. అప్పుడు చిన్నది కట్టడమే ప్రమాదం.

విసురు సంగతి మర్చిపోవద్దు. నైరుతి గాలి డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండల మీదుగా వచ్చేటప్పుడు ఆ కొండల చాటున చెదురుతుంది. కొండ ఎత్తుకు పది రెట్ల దూరం దాకా, ఒక్కోసారి ఇంకా అవతల దాకా, గాలి ఆగుతూ కొడుతూ ఉంటుంది. బీచ్ రోడ్డు దక్షిణ కొసన ఇది బాగా తెలుస్తుంది. ఉత్తరానికి, మంగమారిపేట, భీమిలి వైపు వెళ్లేకొద్దీ గాలి నిలకడగా ఉంటుంది, అయితే తొట్లకొండ, బావికొండల మీదుగా పడమటి గాలి దిగే రోజులు వేరు. అదే 15 నాట్ల సగటుకు నిలకడైన చోట 6.1 సరిపోతే, విసురుగా ఉన్న చోట సగటుకూ గరిష్ఠానికీ మధ్యనున్న అంకెకు కట్టాలి. 12 నుంచి 20 మధ్య ఊగుతుంటే 17, 18 అనుకుని 5.8 కట్టి, డౌన్‌హాల్ చివరిదాకా లాగండి.

పడమటి గాలికి ఏ సైజూ లేదు. మే నెలలో ఒళ్లు కాల్చే గాలి కొండల వైపు నుంచి సముద్రంలోకి వీస్తుంటే దిగకండి. ఒడ్డున చప్పగా అనిపిస్తుంది, అర కిలోమీటరు పోతే ఇరవై నాట్లుంటుంది, పడితే తోసేది సముద్రంలోకి. వేసవి సాయంత్రాల్లో తూర్పు కనుమల మీద క్యుములోనింబస్ మబ్బు నల్లగా లేచి ఉరుము వినిపిస్తే కూడా అంతే. ఆ మబ్బు ముందు వచ్చే ఈదురుగాలి నిమిషాల్లో దిక్కు మార్చి పడమటి నుంచి కొడుతుంది. పైరగాలి ఉన్నట్టుండి చచ్చిపోవడం దానికి ముందు సూచన. గాలి పోయిందని పెద్ద సెయిల్ కట్టుకోవడానికి ఒడ్డుకొచ్చి మళ్లీ దిగేవాళ్లుంటారు, అది చెయ్యకండి. ఇక "గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అన్న హెచ్చరిక మీకూ వర్తిస్తుంది. 55 కిలోమీటర్లంటే 30 నాట్లు.

నీళ్ల మీద గాలి పెరిగితే: మొదట వెనక చెయ్యి వదులు చేసి సెయిల్ తెరవండి. లాగుడు సగానికి పడిపోతుంది. కొక్కెం విప్పండి, లేకపోతే విసురు మిమ్మల్ని సెయిల్‌తో సహా ముందుకు విసిరేస్తుంది. పాదాలు కొంచెం వెనక్కి, బోర్డును గాలికి వీలైనంత ఎదురుగా నడుపుతూ, దూరం పోకుండా ఒడ్డు వైపు రండి. అవుట్‌హాల్ క్లీట్ (తాడును బిగించి ఉంచే పట్టు) చేతికందుతుంది కాబట్టి బోర్డు మీద కూర్చుని రెండు సెంటీమీటర్లు లాగవచ్చు. డౌన్‌హాల్ నీళ్ల మీద అయ్యే పని కాదు, దానికి ఒడ్డుకే రావాలి. ఒడ్డున మాస్ట్ పాదాన్ని బోర్డు పట్టాలో రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు జరపండి. ముక్కు కిందికి దిగి ఎగరడం తగ్గుతుంది. అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకు 7.2 అయిపోయినట్టే.

మూడు నాలుగుసార్లు లేపినా నిలవకపోతే పోరాడి ఒంట్లో సత్తువ పోగొట్టుకోవద్దు. అవుట్‌హాల్ విప్పి, సెయిల్‌ను వెనక అంచు నుంచి మాస్ట్ వైపు చుట్టి, బూమ్‌ను మాస్ట్ వెంట మడిచి, అప్‌హాల్ తాడుతో కట్టి, బోర్డు మీద పొడవునా పెట్టి, దాని మీద పడుకుని చేతులతో తెడ్డు వెయ్యండి. ఇది నడుం లోతు నీళ్లలో, గాలి లేని రోజున ముందే అభ్యాసం చేసి ఉండాలి. సెయిల్‌ను వదిలెయ్యాల్సి వచ్చినా బోర్డును మాత్రం వదలొద్దు. లైఫ్ జాకెట్ గురించి వేరే చెప్పనక్కర్లేదనుకుంటాం.

మాస్ట్ దగ్గరికి వద్దాం. 5.8కు లఫ్ సాధారణంగా 430 నుంచి 445 మధ్య, కోరేది 430 మాస్ట్. పైకొస సర్దుకునేలా ఉన్న సెయిల్ అయితే మీ 460 దూరుతుంది, కొస 15 నుంచి 30 సెంటీమీటర్లు పైకి పొడుచుకుని ఉంటుంది. గాలి మెత్తగా ఉన్న రోజున తాత్కాలికంగా నడుస్తుంది. కానీ 460 మాస్ట్ బిరుసు అంకె 25, 430ది 21. బిరుసు మాస్ట్ వంగదు, పై అంచు వదలదు, మళ్లీ మొదటికే వస్తారు. మీరు 5.8 కట్టేది విసురుగాలిలోనే కదా. మాస్ట్ మీద లావు రకమా, సన్న రకమా చూసుకోండి. రెండింటి ఎక్స్‌టెన్షన్లు వేరు. పాత ఎక్స్‌టెన్షన్ సరిపోవాలంటే పాత రకమే కొనాలి. సెయిల్, మాస్ట్ ఒకే కంపెనీవైతే మంచిది, ఎందుకంటే ఏ భాగంలో ఎంత వంగాలన్నది కంపెనీని బట్టి మారుతుంది. వేర్వేరైతే మధ్యస్థంగా, సమంగా వంగే రకం తీసుకోండి.

బూమ్ 7.2కు 200 దాటుతుంది, 5.8కు 178, 184 దగ్గర. మీ బూమ్ కనీస పొడవు 170 లోపు ఉంటే రెండింటికీ అదే చాలు, 190 దగ్గర మొదలయ్యేదైతే ఇంకొకటి కావాలి. ధర కనుక్కునేటప్పుడు ఇది కలిపి అడగండి. ఫిన్ కూడా మార్చాలి. 7.2తో 44, 46 సెంటీమీటర్ల ఫిన్ వాడుతుంటే 5.8కు 38, 40 సరి. పెద్ద ఫిన్ వేగం పెరిగాక బోర్డును ఒక పక్కకు ఎత్తి తిరగేస్తుంది, ఆ ఎత్తడాన్ని చాలామంది సెయిల్ ఎక్కువైందనుకుంటారు. మీ బోర్డు ఫిన్ పెట్టె ఏ రకమో చూసి, ఆ రకం ఫిన్ కొనండి.

5.8లో క్యాంబర్లు (బ్యాటెన్ కొసను మాస్ట్‌కు ఆనించే ప్లాస్టిక్ పట్లు) లేనిది, ఐదారు బ్యాటెన్ల ఫ్రీరైడ్ (సరదా సవారీ) రకం ఎంచుకోండి. క్యాంబర్లున్నది నీళ్లు నిండి బరువెక్కుతుంది, అప్‌హాల్ చేసేవాళ్లకు నడుం నొప్పి. సెకండ్‌హ్యాండ్ అయితే పారదర్శకంగా ఉండే ఫిల్మ్‌ను కిటికీకి ఎదురుగా పట్టి చూడండి. పసుపెక్కి, గీతలు గీతలుగా పగుళ్లుంటే ఎండకు పెళుసైనట్టు. వేలితో మెల్లగా వంచితే చిటుక్కుమంటుంది, అలాంటిది ఎంత చవకైనా వద్దు. అడుగు కప్పీల చుట్టూ కుట్లు, మాస్ట్ సంచిలో బూమ్ తగిలే చోట రాపిడి, పైకొస లోపలి వైపు చిరుగు చూడండి. చిన్న రంధ్రం అతుక్కుంటుంది, కుట్టు ఊడిన పైకొస మాత్రం గట్టి డౌన్‌హాల్‌కు మళ్లీ ఊడుతుంది. మన ఎండలో కట్టిన సెయిల్‌ను ఇసుక మీద గంటలు గంటలు వదిలేయడం వల్లే ఫిల్మ్ త్వరగా పోతుంది. భోజనానికి వెళ్తే డౌన్‌హాల్ వదులు చేసి నీడకు చేర్చండి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, మాస్ట్ రెండు ముక్కలు, ఎక్స్‌టెన్షన్ విడదీసి పెట్టండి. ఉప్పు, ఇసుక పట్టిన అల్యూమినియం ఎక్స్‌టెన్షన్ కార్బన్ మాస్ట్‌లో వారం ఉంటే ఇద్దరు లాగినా రాదు.

దిగే చోటు ఎంచుకునేటప్పుడు వలలు చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం ఉన్నా, యంత్రం లేని సంప్రదాయ పడవలకు అది లేదు. ఒడ్డు నుంచి లాగే అలివి వల తాడు ఫిన్‌కు చుట్టుకుంటే మీరు ముందుకు ఎగిరిపడతారు, వాళ్ల వలా చిరుగుతుంది. తేలే బెండ్లు వరసగా కనబడితే చాలా ఎడంగా తిరిగి వెళ్లండి. దక్షిణాన ఔటర్ హార్బర్, నౌకాదళం వైపు పోకుండా ఉత్తరంగానే ఉండండి.